కదలని అంకె

పన్నెండు గంటలకి ఆ ఆఫీసులో రెండు పనులు జరగాలి. ఒకటి, సర్వర్ల మీద కాపలా ఉండే పాత మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది ఎక్కించడం. రెండోది, ఇరవయ్యారేళ్ళ ఆడపిల్లని పోలీసు జీపు ఎక్కించడం. నేను మెట్లెక్కేసరికి పదీ పది.

ఆ పిల్ల తల్లి ముందురోజు మా ఇంటికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడకి ఆనుకుని మాట్లాడింది. సోమవారం నాడు ఆమె తమ్ముడు సర్వర్ రూములో ఊపిరాడక చనిపోయాడు. ఆ చావుకి కారణం ఆయన మేనకోడలే, అంటే ఈమె కూతురేనని ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు. "తమ్ముడెలాగూ తిరిగి రాడమ్మా. పిల్లనైనా నాకు మిగల్చండి," అంది. అంతకు మించి ఒక్క మాట లేదు. నేను డిటెక్టివ్ పని మొదలుపెట్టి పదకొండేళ్ళు. గొంతు చించుకుని ఏడ్చేవాళ్ళకి కాదని చెప్పగలను గానీ ఇలాంటివాళ్ళకి చెప్పలేను.

ఇందులో ఇంకో తలనొప్పి ఉంది. ఆ ఇన్‌స్పెక్టరు మా చెల్లెలి మొగుడు. ఇంట్లో నన్ను వదినా అంటాడు, డ్యూటీలో మేడమ్ అంటాడు. డ్యూటీలో ఉండగా నోరు జారి వదినా అన్నాడంటే ఓడిపోతున్నాడని లెక్క. అందుకే ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంటాను.

"మేడమ్, మీరు అనవసరంగా శ్రమపడ్డారు," అన్నాడు వరండాలోనే ఎదురొచ్చి. "కేసు అయిపోయింది."

అయిపోయిన కేసేమిటో చెప్పమన్నాను. నడుస్తూనే చెప్పాడు. ఏడు ఆసుపత్రుల రికార్డులూ, ఊరి అంబులెన్సు ఫోన్లూ ఈ భవనంలోని కంప్యూటర్ల మీదే నడుస్తాయి. చనిపోయినాయన వాటిని పాతికేళ్ళుగా చూసుకుంటున్నాడు. అందరికీ పని నేర్పింది ఆయనే కాబట్టి మాస్టారు అనేవారు. ఆయనకి ఒక అలవాటుంది. సాఫ్ట్‌వేర్ ఏం చెప్పినా నమ్మడు. రోజూ పదకొండుకి పావుగంట ముందు సర్వర్ రూములోకి వెళ్ళి, ఒక్కో యంత్రం వీపు మీద అరచెయ్యి వేసి చూస్తాడు. ఆయన లోపలికి వెళ్ళడం చూసి గడియారాలు సరిచేసుకోవచ్చు అనేవారట. సోమవారమూ అలాగే వెళ్ళాడు. 11:10కి మంటలార్పే గ్యాసు దానంతటదే విడుదలైంది. నిమిషం తిరిగేలోపు గదిలో ప్రాణవాయువు లేకుండా చేసే గ్యాసు అది. మేనకోడలి బల్ల మీది కంప్యూటర్లో అలారం మోగింది. కానీ ఆ పిల్ల 11:05కే కుర్చీ వదిలి బయటికి పోయింది. 11:24కి తిరిగొచ్చి చూసేసరికి మాస్టారు తలుపుకి అయిదడుగుల దూరంలో పడి ఉన్నాడు.

"పద్నాలుగు నిమిషాలు అలారం మోగింది, వినేవాళ్ళు లేరు," అన్నాడు మా మరిది. "నిర్లక్ష్యం వల్ల మరణం. ఇందులో డిటెక్టివులు చేసేదేమీ లేదు."

"గదిలో సైరన్ ఏమైంది?"

అతను కాస్త నీళ్ళు నమిలాడు. సైరన్ ఉండేదిట. దుమ్ము లేచినప్పుడల్లా ఉత్తపుణ్యానికి కూసేదిట. ఆ గోల భరించలేక ఎనిమిది నెలల కిందట ఎవరో తీగ పీకేశారు. పీకిందెవరో ఎవరికీ తెలియదు, పీకేసిన సంగతి మాత్రం అందరికీ తెలుసు. అప్పటినుంచీ ఒక మనిషి ప్రాణం ఒక సాఫ్ట్‌వేర్ మీదా, ఒక కుర్చీ మీదా ఆధారపడి ఉంది. ఇది విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం మరీ చెడ్డది.

సర్వర్ రూము తలుపు బయటినుంచి చూశాను. దానికి కొత్తగా ఇనుప గడియ బిగించి ఉంది. గదికి సీలు వెయ్యడానికి తనే బిగించానని మా మరిది గర్వంగా చెప్పాడు. తలుపు పక్కన గోడకి గ్యాసు సిలిండర్లు రెండు వరసలు. ఒక్కో వరసకీ చేత్తో లాగే మీట ఒకటి ఉంది. మొదటి వరస ఖాళీ, రెండోది నిండుగా ఉంది. రెండో మీట మీద వేలు రాశాను. దుమ్ము అంటుకుంది. మొదటి మీట మీద రాశాను. ఏమీ అంటలేదు.

"గ్యాసు దానంతటదే వచ్చిందన్నావు. మరి ఈ మీటని ఎవరు తుడిచారు?"

"ఊడ్చేవాళ్ళు తుడిచి ఉంటారు."

"రెండిట్లో ఒకదాన్నే తుడిచారా? మా ఇంట్లో పనిమనిషి కూడా అంత బద్ధకిష్టి కాదు."

 నిండు వరసకి ఇంకా తాళం ఎందుకు వెయ్యలేదని అడిగితే, ఈ ఆఫీసు డైరెక్టరు గారు వేయిస్తానన్నారని చెప్పాడు.

మేనకోడలు తన బల్ల దగ్గరే ఉంది. నిలబడే ఉంది. కుర్చీలో కూర్చోవడానికి భయపడుతోందని చూడగానే తెలిసింది. ముక్కు ఎర్రబడింది, కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. నన్ను పిన్నిగారూ అని పిలిచి, అడక్కముందే తప్పు ఒప్పుకుంది. మూడేళ్ళ కొడుక్కి జ్వరమని శిశుసంరక్షణ కేంద్రం నుంచి ఫోన్ వచ్చిందట. ఆ గదిలో సెల్లు సరిగా పట్టదు. వరండాలోకి వెళ్ళి మాట్లాడింది. ఆ తర్వాత భర్తకి చేసింది, ఆయన ఎత్తలేదు, మళ్ళీ చేసింది. అలా పంతొమ్మిది నిమిషాలు.

"మావయ్య ఒకటే చెప్పేవాడు పిన్నిగారూ. కుర్చీ వదలొద్దు, వదిలితే ఎవర్నైనా కూర్చోబెట్టి వదులు అని. ఆ ఒక్క రోజే వదిలాను."

ఓదార్చే టైము లేదు. సోమవారం నాటి లెక్కలు చూపించమన్నాను. గది ఉష్ణోగ్రత, సిలిండర్ల పీడనం, యంత్రాలు నడుస్తున్నాయా లేదా అన్నవన్నీ ఆ సాఫ్ట్‌వేర్ పది సెకన్లకోసారి రాసిపెడుతుంది. అక్కడివాళ్ళు దాన్ని తాత అంటారు. వయసు మీరింది కదా, రోజుకి రెండు మూడుసార్లు ఓ నిమిషంపాటు స్తంభించి తనే కదులుతుంది, అదీ తర్వాత లెక్కలు చూస్తేనే తెలుస్తుంది. అప్పుడు తాత అలిగాడంటారు, మనిషి చేత్తో మళ్ళీ మొదలుపెట్టడాన్ని లేపడం అంటారు. జోకు బాగానే ఉంది. అయితే ఆ జోకుకి అలవాటు పడిపోయి, తాత అలిగితే ఎవరూ పట్టించుకోవడం మానేశారు.

పది నలభై నుంచి అంకెలు చదివించాను. 22.3, 22.5, 22.4, 22.2. డిటెక్టివ్ని కాకముందు పన్నెండేళ్ళు వాతావరణ కేంద్రంలో పనిచేశాను. గంటగంటకీ థర్మామీటరు చూసి పుస్తకంలో రాయడమే ఉద్యోగం. మూసిన గదిలోనైనా సరే, పాదరసం ఒక చోట నిలవదు. కొద్దిగానైనా ఎక్కుతుంది, దిగుతుంది. పద్దెనిమిది గంటలపాటు ఒకే అంకె రాసిన గుమాస్తాని మా పైఅధికారి చూడకుండానే పట్టుకున్నాడు. ఇంటికెళ్ళి పడుకుని అంకె వేశాడని ఆ వరసే చెప్పేసింది.

10:51 దగ్గర 22.4. ఆ తర్వాత 22.4. మళ్ళీ 22.4. పిల్ల చదువుతూ పోయింది, నేను కళ్ళు మూసుకుని వింటూ ఉన్నాను. 11:10 దాకా పంతొమ్మిది నిమిషాలు అదే అంకె. సిలిండర్ల పీడనం కూడా అలాగే కదలకుండా నిండుగా ఉంది. 11:10 నలభై సెకన్లకి పీడనం ఒక్కసారిగా సున్నా. ఉష్ణోగ్రత 14.1.

"చూశారా," అన్నాడు మా మరిది నా భుజం వెనకనుంచి. "11:10కే గ్యాసు వచ్చింది. అందుకే గది చల్లబడింది."

"తర్వాతి అంకెలు చదువమ్మా."

14.1, 14.2, 14.2, 14.4.

"గ్యాసు అప్పుడే వచ్చి ఉంటే గది చల్లబడుతూ ఉండాలి. ఇది వేడెక్కుతోంది. అంటే చల్లబడటం ఎప్పుడో అయిపోయింది. అది ఈ లెక్కల్లో లేదు, ఎందుకంటే తాత పంతొమ్మిది నిమిషాలు నిద్రపోయాడు. గ్యాసు వదిలింది 10:51 తర్వాత కాసేపటికే. అప్పుడు ఈ పిల్ల కుర్చీలోనే ఉంది. తెర మీద అన్నీ బాగున్నట్టే చూపిస్తోంది. ఈ పిల్లకి ఎలా తెలుస్తుంది?"

మేనకోడలు మెల్లగా కుర్చీ అంచు పట్టుకుంది. మా మరిది ముందుకి వంగి అంకెలు తనే ఒకసారి చదువుకున్నాడు. తాత రోజూ అలుగుతాడు కదా, సోమవారం ఆ టైముకే అలిగాడేమోనని గొణిగాడు. కావచ్చన్నాను. మీట కూడా దానంతటదే తుడుచుకుని ఉండవచ్చన్నాను.

"వదినా, నువ్వు పుల్లవిరుపు మాటలు ఆపు," అన్నాడు.

నాకు కావలసిన మాట వచ్చింది. పదీ యాభై అయింది.

ఈ పది సెకన్ల లెక్కల్ని భద్రం చెయ్యాలంటే ఎలాగో తెలియక తాతని చూసుకునే ఇంజనీరు దగ్గరికి వెళ్ళాం. బక్కపలచని మనిషి, గడ్డం గీసుకుని రెండు రోజులై ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఎక్కిస్తే పాత లెక్కలేమవుతాయని అడిగాను. చోటు చాలదు కాబట్టి గంటకొక సగటు మాత్రం మిగులుతుందన్నాడు. ఆ సగటులో పంతొమ్మిది నిమిషాల నిద్ర కనపడదు. కాపీ తియ్యలేమా అంటే, ఆసుపత్రుల వివరాలు కలిసి ఉంటాయి కాబట్టి డైరెక్టరు సంతకం కావాలన్నాడు. తెరకి ఫొటో తీస్తే కోర్టులో చెల్లదని మా మరిదే చెప్పాడు.

"ఈ కొత్తదాని కోసం అంత తొందరేమిటి మీకు?"

"నాకు తొందరా?" ఇంజనీరు ఎండిపోయిన నవ్వు నవ్వాడు. "రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగానండీ. తాత ఆగిపోతే ఆగిపోయినట్టు చెప్పడు, ఆఖరి అంకెనే చూపిస్తూ ఉంటాడు. నడుస్తున్న తాతకీ ఆగిపోయిన తాతకీ తేడా తెలియదు, తెరంతా పచ్చగానే ఉంటుంది. ఏదో ఒక రోజు కొంప ముంచుతాడని మొత్తుకున్నాను. ఎవరూ వినలేదు. పోయిన నెలాఖరుకి ఉన్నట్టుండి సరే చేద్దామన్నారు. అప్పుడు మాస్టారు అడ్డం పడ్డారు."

సోమవారం పదకొండింటికి మీటింగు పెట్టింది అందుకే. కొత్తది ఎక్కించాలా వద్దా అని తేల్చుకోవడానికి. పదకొండూ పావుకి వచ్చి తన వాదన చెబుతానని మాస్టారు అన్నాడు. ఏం చెబుతాడో ఇంజనీరుకి తెలియదు.

"తాతని ఆపాలన్నా లేపాలన్నా ఎవరివల్ల అవుతుంది?"

"పాస్‌వర్డ్ ఉండాలి, అది ఇద్దరి దగ్గరే ఉంది. నాకు తెలుసు. డైరెక్టరు గారికి కవర్లో పెట్టి ఇచ్చాం, అది బీరువాలో పడి ఉంటుంది. ఆయన ఎప్పుడూ వాడలేదు."

"సోమవారం 10:51కి మీరెక్కడ?"

"నా గదిలో."

"ఎవరైనా చూశారా?"

లేదన్నట్టు తల ఊపాడు. 11:10కి ఎక్కడున్నావని అడిగితే మాత్రం గబగబా చెప్పాడు. మీటింగులో ఉన్నాడు, తొమ్మిదిమంది సాక్ష్యం. ప్రొజెక్టరు పెట్టి తాతని పెద్ద తెర మీద చూపించాడు. తెర పచ్చగా ఉంది. తాత అలిగినట్టున్నాడయ్యా, లేపి చూపించమని డైరెక్టరు గారు అన్నారు. సరేనని లేపాడు, అది లేచి అంకెలు చూపించేలోపే ప్రొజెక్టరు ఆపి చర్చలో పడ్డారు.

"అంటే 11:10కి తాతని లేపింది నువ్వేనన్నమాట," అన్నాడు మా మరిది. గొంతు మారింది.

ఇంజనీరు మొహం పాలిపోయింది. తను చెప్పిన మాట బరువు అతనికప్పుడు తెలిసినట్టుంది. లేపినవాడే ఆపి ఉంటాడని నాకూ అనిపించింది. 10:51కి ఆపి, మీట లాగి, మీటింగుకి వచ్చి అందరి కళ్ళముందూ లేపితే, చావు పంతొమ్మిది నిమిషాలు ఆలస్యంగా జరిగినట్టు లెక్కల్లో పడుతుంది. తొమ్మిదిమంది సాక్ష్యం చెబుతారు. పైగా ఈరోజు కొత్తది ఎక్కిస్తే ఆ ఆనవాలు కూడా పోతుంది. అంతా అతికినట్టు సరిపోయింది. అంత చక్కగా సరిపోయినప్పుడు అనుమానించాలని నాకు తెలియకపోలేదు. కానీ ఆ పిల్లని విడిపించే దారి దొరికిందన్న ఆనందంలో ఉన్నాను.

డైరెక్టరు గది వరండాకి సర్వర్ రూము ఉన్న చివరే. అరవై దాటిన మనిషి, మెత్తని మాట. నేను కూర్చోగానే స్వయంగా మంచినీళ్ళ గ్లాసు అందించాడు. మాస్టారు తనకి తమ్ముడిలాంటివాడని, ఆ మేనకోడల్ని చూస్తే కడుపు తరుక్కుపోతోందని అన్నాడు. నేను చెప్పినదంతా ఓపికగా విన్నాడు. పంతొమ్మిది నిమిషాలు అనగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ కంప్యూటర్ల సంగతి నాకేమీ అర్థం కాదమ్మా. కొత్తది ఎక్కించాలంటే ఎక్కించమంటాను, వద్దంటే ఆపేస్తాను. మీరేమంటారు?"

వాయిదా వెయ్యమన్నాను. పాత లెక్కలకి పోలీసుల ముందు కాపీ తీసేదాకా దాన్ని ముట్టుకోకూడదన్నాను. ఆయన తల పంకించాడు. మీరొకసారి గది చూసి రండి, ఉష్ణోగ్రత తీగ ఊడిపోయి అలా అయిందేమో అదీ తేల్చండి, తర్వాత సంతకం పెడతానన్నాడు. తీగ ఊడిందని రేపు ఏ వకీలైనా అనొచ్చు కాబట్టి ఆ మాట నాకు నచ్చింది. గదిలోకి వెళ్ళడానికి చీటీ రాసి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాడు. ఆ కలం కారుతుందేమో, బొటనవేలూ చూపుడువేలూ పచ్చగా ఉన్నాయి. రెండో వరస సిలిండర్ల మాట ఎత్తితే, తాళం వేయించేశానని చెప్పాడు.

మా మరిది ఇంజనీర్ని మీటింగు హాల్లో కూర్చోబెట్టి ఎదురుగా తను కూర్చున్నాడు. లాప్‌టాప్ తన ఒళ్ళో పెట్టుకున్నాడు. మేనకోడల్ని రెండు పనులు చెయ్యమన్నాను. గదిలోని గోడ ఫోనుకి కలిసి ఉండి, నేను అడిగినప్పుడల్లా అంకె చదవాలి. ఖాళీ దొరికినప్పుడు పోయిన నెల లెక్కల్లో ఇంకెక్కడైనా ఇలా చాలాసేపు కదలని అంకె ఉందేమో వెతకాలి. మాస్టారు కొత్తదాన్ని ఎందుకు వద్దన్నాడో నీకేమైనా చెప్పాడా అని అడిగాను.

"వారం కిందట అన్నాడు. పాతది పోతే ఆ నలభై నిమిషాలు కూడా పోతాయే అని. నాకు అర్థం కాలేదు. నేనూ అడగలేదు."

ఆ నలభై నిమిషాలే వెతకమన్నాను.

పదకొండూ ముప్పై రెండుకి సర్వర్ రూములోకి వెళ్ళాను. తలుపు మూసుకోకుండా నా గొడుగు అడ్డం పెట్టాను. లోపల ఫ్యాన్ల హోరు. మనిషి పక్కన నిలబడి పిలిచినా వినపడేలా లేదు. నేల మీద పోలీసులు సుద్దతో గీసిన గీత తొక్కకుండా పక్కనుంచి నడిచాను. గీత చిన్నది. మాస్టారు చిన్నపాటి మనిషన్నమాట. ఒక చెయ్యి తలుపు వైపు చాచి ఉంది. యంత్రాల వీపుల మీద దుమ్ము పరుచుకుని ఉంది గానీ, ప్రతిదాని మీదా ఒకే ఎత్తులో అరచెయ్యంత మేర నున్నగా ఉంది. పాతికేళ్ళు రోజూ చెయ్యి వేసిన చోటు. ఆఖరి వరసలో చివరి రెండు యంత్రాల మీద కొత్త దుమ్ము కొంచెం ఎక్కువగా ఉంది. సోమవారం ఆయన అక్కడిదాకా రాలేకపోయాడు. 

గోడ ఫోను స్పీకరు పెట్టాను. ఉష్ణోగ్రత కొలిచే తీగ నడిమధ్య స్తంభానికి వేలాడుతోంది, చివర చింతగింజంత గుండు. తీగ గట్టిగానే ఉంది. గుండుని అరచేతిలో పెట్టి గుప్పిట మూశాను.

"చదువు."

"22.3, 22.9, 23.8, 24.6," అంది పిల్ల.

పనిచేస్తోంది. వదిలేశాను. 24.1, 23.5, 23.0 అని దిగుతూ వచ్చింది. ఇక తీగ ఊడిందనే మాట చెల్లదు.

"పిన్నిగారూ, దొరికింది," అంది అంతలోనే.  "పోయిన నెల పద్నాలుగో తారీకు. పగలు రెండూ పది నుంచి నలభై ఒక్క నిమిషాలు. ఒకటే అంకె. అన్ని యంత్రాలూ పనిచేస్తున్నట్టే ఉంది. అంబులెన్సు ఫోన్ల యంత్రం కూడా."

ఆ తేదీ నాకు తెలుసు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదని, ఇద్దరు చనిపోయారని పేపర్లో వచ్చిన రోజు. విచారణ జరిగింది. యంత్రం ఒక్క నిమిషం కూడా ఆగలేదని, కావాలంటే లెక్కలు చూసుకోమని ఈ ఆఫీసు ప్రమాణపత్రం ఇచ్చింది. ఆ లెక్కలు ఇవే. మాస్టారు కాపాడదామనుకున్న నలభై నిమిషాలు ఇవే. వాటిని అందరి ముందూ బయటపెట్టడానికి అరగంట కూడా లేదనగా ఆయన్ని చంపేశారు.

"ఆ రోజు తాతని ఆపింది ఇంజనీరేనా?"

"ఇంజనీరు గారు ఆ వారమంతా సెలవులో ఉన్నారు పిన్నిగారూ. ఊళ్ళోనే లేరు."

నేను గుండుని మళ్ళీ గుప్పిట్లో పెట్టుకున్నాను. ఎందుకంటే చేతికి ఏదో ఒక పని కావాలి. పాస్‌వర్డ్ ఇద్దరికే ఉంది. ఒకతను ఊళ్ళో లేడు. రెండో ఆయనకి కంప్యూటర్లు అర్థం కావు, కవరు బీరువాలో ఉంది. సోమవారం మీటింగులో తెర పచ్చగా ఉంది. ఆగిన తాతకీ నడిచే తాతకీ తేడా తెలియదని రెండేళ్ళుగా మొత్తుకున్న ఇంజనీరుకే తేడా తెలియలేదు. తొమ్మిదిమందికీ తెలియలేదు. మరి కంప్యూటర్లు అర్థం కాని పెద్దమనిషికి, కుర్చీలో కూర్చున్నచోటినుంచే, తాత అలిగాడని ఎలా తెలిసింది?

ఆపినవాడికి తప్ప ఎవరికీ తెలిసే వీలు లేదు.

అరగంట కిందటే ఆ మాట నా చెవిన పడింది. లేపినవాడి మీద చూపు పెట్టి, లేపమన్నవాణ్ణి వదిలేశాను. నామీద నాకే అసహ్యం వేసింది.

"చదువమ్మా," అన్నాను.

"23.0."

గుండు నా గుప్పిట్లో వెచ్చగా ఉంది. ఇంకా బిగించాను.

"ఇప్పుడు?"

"23.0."

"ఇప్పుడు?"

"23.0 పిన్నిగారూ. అదే ఉంది. అన్నీ పచ్చగానే ఉన్నాయి."

మా మరిది ఒళ్ళో లాప్‌టాప్ ఉంది. ఇంజనీరు చేతులు అతని కళ్ళముందున్నాయి. వరండాకి ఈ చివర ఒక గదిలో ఇంకో కంప్యూటరు ఉంది. వెనక్కి తిరిగాను. నా గొడుగు తలుపుకి లోపలివైపు నేల మీద పడి ఉంది. తలుపు మూసి ఉంది.

పరిగెత్తి లాగాను. కదల్లేదు. మా మరిది గర్వంగా బిగించిన గడియ బయటినుంచి పడింది. తలుపులో జానెడు గాజుపలక ఉంది. అందులోంచి మనిషి కనపడలేదు. పక్క గోడ మీద రెండో వరస మీటని పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపించింది. బొటనవేలూ చూపుడువేలూ పచ్చగా ఉన్నాయి. మీటకి తాళం లేదు.

చెయ్యి కిందికి దిగింది.

పైనున్న గొట్టాల్లోంచి బుస్సుమని మొదలైంది. ఫ్యాన్ల హోరుని మింగేసే చప్పుడు. తెల్లటి పొగ నడుం దాకా వచ్చేసింది. ఉన్న ఊపిరితో రెండు మాటలే చెప్పగలను. ఒకటి ఆ పిల్ల కోసం, ఒకటి నా కోసం.

"పదకొండూ నలభై ఒకటి, కాగితం మీద రాసుకో. తాతని ఆపింది డైరెక్టరు," అన్నాను. "తలుపు బయట గడియ ఉంది."

నోరు మూసుకుని ఊపిరి బిగబట్టాను. ఫోనులో జవాబు రాలేదు.  ఆ పిల్ల బల్ల మీద తెర పచ్చగానే ఉంటుంది. కళ్ళముందు అన్నీ బాగున్నట్టే కనిపిస్తుంటే, కనపడని మనిషి మాట నమ్మాలి. పైగా కుర్చీ వదిలినందుకు రెండు రోజులుగా లోకమంతా తిడుతోంది.

కుర్చీ వెనక్కి తిరగబడ్డ చప్పుడు స్పీకర్లో వినిపించింది. తర్వాత పరిగెత్తే అడుగులు. నేను గాజుపలకకి మొహం ఆనించి, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.